సుత్తి దెబ్బకు పలికే ఇంజను: పొగబండి మీద మీ ప్రశ్నలు

కిందటి సంచికలో ఈఐఆర్-21 అనే ఈస్ట్ ఇండియన్ రైల్వే ఆవిరి ఇంజను గురించి రాశాను. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో కిట్సన్, థామ్సన్ అండ్ హ్యూయిట్సన్ వాళ్లు చేసిన ఇంజను. 1909లో పని మానేసింది. నూరేళ్లకు పైగా బొమ్మలా నిలబడి, 2010లో మన పెరంబూరు లోకో వర్క్స్‌లో మళ్లీ ఆవిరి పోసుకుంది. ఎగ్మూరు నుంచి కోడంబాక్కం దాకా అది నడిచిన రోజు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాను. ఆ వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు.

*ప్రశ్న: మా అబ్బాయి లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. శనివారం వచ్చిందంటే పాత రైలింజన్ల షెడ్డుకు పోయి తుప్పు గీకుతాడట. జీతం లేదు సరికదా, ఏడాదికింత అని సభ్యత్వం వాడే కడతాడు. వీడియో కాల్‌లో చూస్తే మోచేతుల దాకా నలుపు. ఇంట్లో తిన్న కంచం తీయని పిల్లాడు! అక్కడ వీడితో ఏం చేయిస్తున్నారు? ప్రమాదం ఏమైనా ఉందా?*
*— ఒక తల్లి, అంబత్తూరు*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మీ అబ్బాయి ఉన్న ఊరే మన ఈఐఆర్-21కి పుట్టిల్లు. అక్కడ మిడిల్టన్ రైల్వే అని ఒకటుంది. బొగ్గు మోయడానికి 1758లో పార్లమెంటు చట్టంతో వచ్చిన దారి అది. 1812లోనే పళ్ల చక్రంతో, పళ్ల పట్టా పట్టుకుని నడిచే ఆవిరి ఇంజన్లు అక్కడ బొగ్గు లాగాయి. మన ఊటీ బండి కల్లారు దాటాక పళ్ల పట్టా పట్టుకుని కూనూరు ఎక్కుతుంది చూడండి, ఆ ఆలోచనకు పెద్దన్న లాంటిది. ఆ దారి మూతపడబోతుంటే 1960లో మీ అబ్బాయి లాంటి వాళ్లే చేతుల్లోకి తీసుకున్నారు. మీ వాడు వెళ్లేది అక్కడికో కాదో మీరు రాయలేదు. ఎక్కడికి వెళ్లినా చేసే పని ఒకటే.

ఇది వాళ్లకు కొత్త పిచ్చి కాదు. వేల్స్‌లో పలకరాయి మోసిన టాలిల్లిన్ అనే చిన్న రైలును 1951లో వాలంటీర్లు నడపడం మొదలుపెట్టారు. ప్రపంచంలో అలాంటివాటిలో అదే మొదటిది. 1968లో బ్రిటన్ ప్రధాన మార్గాల్లో ఆవిరి ఆగిపోయింది. బారీ అనే ఊళ్లో పాత ఇనుము యార్డుకు చేరిన ఇంజన్లలో 213 ఇంజన్లను జనం చందాలు పోగేసుకుని కొని బయటికి తెచ్చారు. సముద్రపు గాలికి తుప్పుపట్టినవి, ఇత్తడి సామాను పోయినవి. వాటిలో చాలా వాటిని మళ్లీ నడిపారు. జీతం తీసుకున్నవాళ్లు తక్కువ.

ఇక ఏం చేయిస్తున్నారన్నది. తుప్పు గీకడం బడిలో ఓనమాలు దిద్దడం లాంటిది. అసలు పని బాయిలర్ దగ్గర ఉంటుంది. ఫైర్‌బాక్స్ అంటే పెట్టెలో పెట్టె అనుకోండి. లోపలి పెట్టెలో మంట. రెండు పెట్టెల మధ్య అరచెయ్యి వెడల్పు సందు, దాని నిండా నీళ్లు. ఆవిరి ఒత్తిడికి ఆ రెండు గోడలూ విడిపోకుండా పట్టి ఉంచేవి స్టే బోల్టులు. నాలుగంగుళాలకొకటి చొప్పున వరసగా, వందల్లో ఉంటాయి. వాటిలో ఏది విరిగిందో బయటికి కనబడదు. మనిషి బొగ్గు వేసే ఫైర్‌హోల్‌లో నుంచి దూరి, లోపల కూర్చుని, చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్నీ కొట్టి వినాలి. మీరు సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడరూ? అదే. బాగున్న స్టే ఖంగుమంటుంది. విరిగింది మూగగా పలుకుతుంది.

నేను 1973లో ఖలాసీగా చేరాను. మా మేస్త్రి నెల్లూరు వైపు మనిషి, మాట తక్కువ. మొదటి ఏడాది ఒకరోజు నన్ను ఫైర్‌బాక్స్‌లోకి పంపి, సుత్తి ఇచ్చి, ఒక వరస కొట్టమన్నాడు. కొట్టాను. అన్నీ బాగున్నాయని చెప్పాను. ఆయన దూరి వచ్చి అదే వరస కొట్టి, ఏడో దాని మీద సుద్దముక్కతో సున్నా చుట్టాడు. నాకు తేడా తెలియలేదు. ప్రతి స్టే మధ్యలోనూ సూది దూరేంత సన్నని రంధ్రం చేసి ఉంటుంది. స్టే లోపల పగిలితే ఆ రంధ్రం గుండా నీరు చెమరుస్తుంది. ఆయన నా బొటనవేలు పట్టుకుని ఆ రంధ్రం మీద పెట్టాడు. తడి. చుట్టూ ఉప్పు పేరుకున్న తెల్లటి చార. "చెవి పెట్టి విను, ఆనక నోరు విప్పు" అన్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బాయిలర్ పనిలోనే ఉన్నాను. ఆ తడి ఇంకా నా వేలికి గుర్తుంది.

మీ వాడు నేర్చుకుంటున్నది అదే. ఏ తరగతి గదిలోనూ అది రాదు. పక్కన కూర్చుని, తప్పు చెప్పించుకుని నేర్చుకోవాలి. అందుకే వాడి చేతుల నలుపు చూస్తే నాకు సంతోషం.

ప్రమాదం మాటకొస్తే, రెండు సంగతులు అడగండి. పాత బాయిలర్ మీద రేకుల కింద వేడి పోకుండా కప్పే చుట్టు ఉంటుంది. ఆ రోజుల్లో దానికి ఆస్బెస్టాస్ వాడేవారు. తెల్లగా, నలిగిన దూదిలా ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తుల్లో చేరితే రోగం ఎన్నో ఏళ్లకు బయటపడుతుంది. మా కాలంలో దాన్ని వట్టి చేతులతో పీకి పారేసేవాళ్లం, ఎవరూ చెప్పలేదు. అలాంటిది కనబడితే మీ వాడు ముట్టుకోకూడదు. అందుకు శిక్షణ ఉన్నవాళ్లు వచ్చి తీయాలి. రెండోది, తుప్పు గీకేటప్పుడు కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు. ఈ రెండూ పాటించే షెడ్డయితే మీరు నిశ్చింతగా ఉండండి.

*ప్రశ్న: బ్రిటన్‌లో చక్కగా నడుస్తున్న ఆవిరి ఇంజన్ను కూడా పదేళ్లకోసారి ఆపి ముక్కలు ముక్కలుగా విప్పేస్తారట. బాగున్నదాన్ని ఎందుకు విప్పడం? బాయిలర్‌ను ఆవిరితో కాకుండా చన్నీళ్లతో పరీక్షించడమేమిటి?*
*— మెకానికల్ డిప్లొమా విద్యార్థి, కొరట్టూరు*

బాబూ, బాగుందని ఎవరు చెప్పారు? బయటి రంగు చెప్పింది. బాయిలర్ లోపల ఏముందో వేడి పొగ పారే ట్యూబులన్నీ లాగి చూస్తేనే తెలుస్తుంది. మీ ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుందా? బాయిలర్‌లోనూ అంతే. ఆ పెచ్చు వేడిని నీళ్లకు చేరనివ్వదు. దాని వెనక ఇనుము అతిగా కాలి బలం పోగొట్టుకుంటుంది. అందుకే మా షెడ్డులో లెక్క ప్రకారం ఇంజన్ను చల్లార్చి, కడగడానికి పెట్టిన వాషౌట్ ప్లగ్గులు విప్పి, నీటి జోరుతో లోపల కడిగేవాళ్లం. ఎంత కడిగినా చెయ్యీ చూపూ పోని మూలలుంటాయి. అక్కడి సంగతి తెలుసుకోవడం కోసమే పదేళ్ల గడువు. ఆ పదేళ్లూ ఏటా ఇన్స్పెక్టరు వచ్చి చూస్తాడు. గడువు తీరాక ట్యూబులు తీసి, పలుచబడిన చోట్లు కొలిచి, మార్చాల్సినవి మార్చి మళ్లీ మొదలు.

చన్నీళ్ల సంగతి. నీరు ఒత్తిడికి దాదాపు నలగదు. బాయిలర్ నిండా నీళ్లు నింపి, గాలి పూర్తిగా తీసేసి, పని ఒత్తిడి కంటే ఎక్కువకు పంపు కొట్టామనుకో. ఎక్కడైనా ఓడితే చిమ్ముతుంది, ఒత్తిడి వెంటనే పడిపోతుంది, అంతే. అదే కాగిన నీళ్లయితే? బాయిలర్ పగిలిన క్షణాన ఆ నీళ్లలో కొంత ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆవిరయ్యే నీరు 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. షెడ్డు లేచిపోతుంది. అందుకే ముందు చన్నీళ్లు, అది గట్టెక్కాకే నిప్పు.

నిప్పు కూడా ఒక్కసారిగా పెట్టరు. కొత్త మట్టికుండను పెద్ద మంట మీద పెడతామా? చల్లటి ఇంజనుకు చిన్న మంట వేసి గంటల తరబడి వేడి పాకనివ్వాలి. పెద్ద ఇంజనైతే ముందు రోజే రాజేస్తారు. ట్యూబుల చివర్లు బిగించిన పలక ఒకవైపు సాగి మరోవైపు సాగకపోతే ట్యూబుల మొదళ్లు కారతాయి. ఈ ఓపిక నీకు డిప్లొమా పుస్తకంలో ఒక వాక్యంగా కనబడుతుంది. షెడ్డులో అది ఒక రాత్రి నిద్ర.

*ప్రశ్న: మా పేటలో ఒక ఆఫీసు ముందు మీటర్‌గేజి ఆవిరి ఇంజను దిమ్మె మీద ఉంది. మేం పదిమంది ఆదివారాలు దాని బాగోగులు చూడాలనుకుంటున్నాం. రంగు వేయడంతో మొదలుపెట్టవచ్చా? ఎప్పటికైనా నడపగలమా?*
*— విల్లివాక్కం మిత్రులు*

రంగు డబ్బా కొనకండి. ఇది బతిమాలి చెబుతున్నాను.

ఒక ఊళ్లో దిమ్మె మీది ఇంజన్ను చూడ్డానికి వెళ్లాను. ఏటా జనవరి 26కు ముందు దానికి నిగనిగలాడే నలుపు వేస్తారు. దూరం నుంచి పెళ్లికొడుకులా ఉంది. ముందుకు వెళ్లి, పొగగొట్టం కింద పొగ చేరే పెట్టె, స్మోక్‌బాక్స్ అడుగున పెన్సిల్‌తో పొడిచాను. పెన్సిల్ లోపలికి దిగిపోయింది. చేతికి వచ్చింది రంగు పొరే, కింద ఇనుము లేదు. చివరిసారి నడిచిన రోజు బూడిద తియ్యకుండా వదిలేశారు. పొగగొట్టంలోంచి ఏటేటా వాన పడింది. తడిసిన బొగ్గు బూడిద ఆమ్లంలా ఇనుమును తినేస్తుంది. కనెక్టింగ్ రాడ్ల మీద, పిన్నుల మీద కూడా రంగు పూసేశారు. కదలాల్సిన కీళ్లన్నీ బిగుసుకుపోయాయి. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సయించలేదు.

కాబట్టి ముందు ఆఫీసువారి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తర్వాత రేకుల కింద చుట్టు ఏమిటో తెలిసినవాళ్లతో చూపించుకోండి, అప్పటిదాకా రేకు విప్పవద్దు. స్మోక్‌బాక్స్ తలుపు తెరిచి, అందులోనూ మంట కింది యాష్‌పాన్‌లోనూ ఉన్న బూడిదంతా తీసి ఆరనివ్వండి. పొగగొట్టానికి మూత వేయండి, గాలి మాత్రం ఆడేట్టు. సిలిండర్ల కింద నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్‌లు తెరిచి ఉంచండి, నీరు నిలవకూడదు. కీళ్లకు నూనె. చెన్నై చలికాలపు వానలు రాకముందే ఇవన్నీ అయిపోవాలి. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ప్రతి రాడ్డు మీదా కొట్టిన నంబర్లు రాసుకోండి, ఫొటోలు తీయండి. షెడ్డుల్లో ఒకదాని భాగం ఇంకోదానికి వేసేవాళ్లం. ఆ నంబర్లు చదివితే మీ ఇంజను ఎవరెవరితో చుట్టరికం చేసిందో తెలుస్తుంది.

నడపడం అనే మాట కొన్నేళ్లు తలపెట్టకండి. తడి ఆపగలిగితే చాలు, తర్వాతి తరం వాళ్లకైనా నడిపే దారి మిగులుతుంది.

*ప్రశ్న: పాడైపోయిన భాగాలన్నీ కొత్తవి చేసి బిగించాక ఈఐఆర్-21ను 1855 నాటిది అనవచ్చునా?*
*— ఒక పాఠకుడు, టి.నగర్*

అనవచ్చు. ఊరి గుడి రథానికి చక్రాలు పుచ్చితే మారుస్తారు, దాన్ని కొత్త రథం అనరు కదా. ఏది పాతదో ఏది కొత్తదో దాచకుండా రాసి పెట్టడం మాత్రం బాగుచేసినవారి బాధ్యత. అసలు కొత్తగానే చేసినా నాకు అభ్యంతరం లేదు. ఇంగ్లండులో టోర్నడో అనే పెద్ద ఇంజన్ను జనం చందాలతో కొత్తగా కట్టి 2008లో నడిపారు. ఊటీ బండికి మన పొన్మలై వర్క్‌షాపులో కొత్త ఎక్స్ క్లాస్ ఇంజన్లు చేశారు. చేతులకు పని ఉండాలి.

*ప్రశ్న: నేను గుంతకల్లు వైపు మీటర్‌గేజిలో ఫైర్‌మన్‌గా చేశాను. ఇప్పుడు బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను, వయసు డెబ్బై ఎనిమిది. మీ వ్యాసం చదివి ఆ రోజులు గుర్తొచ్చాయి. కానీ మా పని ఇప్పుడు ఎవరికి కావాలండీ?*
*— విశ్రాంత ఫైర్‌మన్, బెంగళూరు*

అన్నా, కావాలి. మీరు అనుకున్నదానికంటే తొందరగా కావాలి.

ఇంజను డ్రాయింగులు దొరుకుతాయి. ట్యూబు ఎంత మందమో, స్టే ఎంత పొడుగో అందులో ఉంటుంది. పార పట్టిన చెయ్యి ఏం చేసేదో ఏ డ్రాయింగులోనూ లేదు. బొగ్గు ఏ మూలకు ఎంత విసరాలి, మంట ఏ రంగు తిరిగితే ఇంకో పార వేయాలి, ఎత్తు వచ్చేముందు బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్ ఎప్పుడు ఆపాలి, పొగగొట్టంలో పొగ చూసి డ్రైవరు ఏం గ్రహించేవాడు. ఇవి మీ దగ్గరున్నాయి. నా దగ్గర లేవు. నేను బాయిలర్ చల్లారాక లోపలికి దూరినవాణ్ణి. మీరు అది మండుతుండగా ముందు నిలబడ్డవారు.

మీ మనవడి ఫోన్ అడిగి తీసుకోండి. రోజుకు పది నిమిషాలు మాట్లాడి రికార్డు చేయించండి. వరస అక్కర్లేదు, తెలుగులోనే, షెడ్డులో ఎలా అనేవాళ్లమో అలాగే చెప్పండి. విల్లివాక్కం మిత్రులకు, అంబత్తూరు అమ్మగారి అబ్బాయికి నేను పంపిస్తాను.

మొదటగా ఒక సంగతి చెప్పండి, నాకే తెలుసుకోవాలని ఉంది. బాయిలర్‌లో నీటి మట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు కనబడకపోతే గ్లాసు అడుగంటిందా, నిండిపోయిందా అన్నది చూడగానే తెలియదు. అడుగంటితే మంట పైనున్న పలక ఎర్రబడిపోతుంది. ఆ పలకకు బిగించిన సీసపు బిరడా, లెడ్ ప్లగ్, కరిగేలోపు ఆ అర నిమిషంలో మీ చెయ్యి ముందు ఎక్కడికి పోయేది?