ఇంట్లో రామచిలుక ఉంది, లైసెన్సు దొరుకుతుందా?

ప్రశ్న: ఆరేళ్ళ కిందట మా అత్తగారు సంతలో రామచిలుక పిల్లను కొని తెచ్చారు. ఇంట్లో అందరినీ పేరు పెట్టి పిలుస్తుంది. ఈమధ్య పార్కింగ్ దగ్గర గొడవపడిన పక్క ఫ్లాట్ ఆయన ఫారెస్టు వాళ్ళకు చెప్తానని బెదిరిస్తున్నాడు. డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవచ్చా, లేక పంజరం తెరిచి వదిలేయాలా? పిల్లల దగ్గర లవ్ బర్డ్స్ జత కూడా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: లైసెన్సు దొరకదమ్మా. సంతలో కొన్న రామచిలుకకు తర్వాత అనుమతి ఇచ్చే ఏర్పాటే చట్టంలో లేదు, ఎవరైనా డబ్బు తీసుకుని "కాగితం ఇప్పిస్తా" అంటే నమ్మకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలుక రక్షిత పక్షి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక ఇది రెండో షెడ్యూల్లో (చట్టం చివర ఉండే రక్షిత ప్రాణుల జాబితాల్లో రెండోది) ఉంది. పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం అన్నీ నేరమే, మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గోరింకలకూ మునియాలనే చిన్న పిట్టలకూ ఇదే వర్తిస్తుంది. చిలక జోస్యం వాళ్ళ పంజరంలో ఉన్నదీ ఇదే పక్షి కాబట్టి వాళ్ళకూ మినహాయింపు లేదు.

"మేం పట్టలేదు, కొన్నాం, ప్రేమగా చూసుకుంటున్నాం" అనే వాదన శిక్ష తగ్గించడానికి పనికొస్తుందేమో గానీ నేరాన్ని చెరిపేయదు. పైగా 57వ సెక్షన్ ప్రకారం అలాంటి పక్షి మీ ఇంట్లో దొరికితే అది అక్రమంగా ఉన్నట్టే లెక్క, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. పక్కింటాయన పగతో ఫిర్యాదు చేసినా అధికారులు చూసేది పక్షి ఉందా లేదా అన్నదే. చిలుక మాటలు వీడియో తీసి స్టేటస్‌లో పెట్టి ఉంటే అదీ సాక్ష్యమే, ఇకమీదట పెట్టకండి.

పంజరం తెరిచి మాత్రం వదలొద్దు. ఆరేళ్ళు గిన్నెలో తిండి తిన్న చిలుకకు మేత వెతుక్కోవడం రాదు, రెక్కలు కత్తిరించి ఉంటే కాకులో పిల్లులో అదే రోజు పట్టేస్తాయి. బంధువులకు ఇచ్చేసినా లాభం లేదు, మీతో పాటు వాళ్ళూ ఇరుక్కుంటారు.

మీ ప్రాంత ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు స్వయంగా వెళ్ళి అప్పగించండి. తెల్లకాగితం మీద ఎప్పుడు, ఎలా వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాయండి, చట్టం తెలియక పెంచామనీ ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నామనీ రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. కేసు పెట్టరని నేను హామీ ఇవ్వలేను, చట్టం కూడా ఇవ్వదు. కానీ తనిఖీలో పట్టుబడడానికీ తామే వచ్చి ఇవ్వడానికీ తేడా ఉంటుంది, 54వ సెక్షన్ కింద రుసుము కట్టించుకుని నేరాన్ని రాజీ చేసే అధికారం కూడా అధికారులకు ఉంది (సవరణ తర్వాత గరిష్ఠంగా ఐదు లక్షలు, కాబట్టి చిన్న విషయమనుకోకండి). వెళ్ళే ముందు మీ ఊళ్ళో ఒక లాయరుకు ఆ కాగితం చూపించుకోవడం మంచిది. అత్తగారిని ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమని నాకు తెలుసు.

ఇక లవ్ బర్డ్స్. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవి చాలావరకు బడ్జీలు, ఆస్ట్రేలియా జాతి. బడ్జీలు, కాకటీల్స్ (తల మీద కుచ్చు ఉండే చిన్న విదేశీ చిలకలు) పెంచుకోవచ్చు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అసలు ఆఫ్రికన్ లవ్ బర్డ్స్‌లో కొన్ని రకాలకూ, సన్ కన్యూర్, మకావ్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలకలకూ మాత్రం 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైట్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ జత ఫోటో తీసి పశువుల డాక్టరుకు చూపించి జాతి పేరు రాయించుకోండి, షాపు బిల్లు ఉంటే దాచిపెట్టండి. పంజరం మాత్రం రెక్కలు పూర్తిగా చాచి ఇటునుంచి అటు ఎగిరేంత ఉండాలి. ఇరుకు పంజరం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం, మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలే అయినా.