కొత్తగా కళ్యాణ మండపం తెరుస్తున్న మేనల్లునికి

కడప

చిరంజీవి మేనల్లునికి మామయ్య ఆశీస్సులు.

అనంతపురంలో నువ్వు కట్టించిన కళ్యాణ మండపం శ్రావణ మాసపు లగ్నాలకు సిద్ధమవుతున్నదని మీ అమ్మ చెప్పగా విని చాలా సంతోషించాను. ఇక్కడ ముప్పై ఏళ్లకు పైగా ఒక మండపం బాగోగులు చూసినవాణ్ణి గనుక ఒక సంగతి వివరంగా రాయాలనిపించింది. జనం గుమిగూడిన చోట ఎవరైనా కత్తితోనో బాంబుతోనో తెగబడితే ఏం చేయాలన్నది మొదటి పెళ్లికి ముందే తేల్చుకోవలసిన విషయం. శుభమా అని హాలు తెరుస్తుంటే ఈ మాటలెందుకని మీ అమ్మ నొచ్చుకోవచ్చు, అయినా రాయక తప్పదు.

మన సీమలో ఫ్యాక్షన్ కక్షలు రగిలిన రోజుల్లో, ఒక పెళ్లిలో రెండో బంతి భోజనాలు నడుస్తుండగా, బయట టపాకాయ పేలిన చప్పుడుకు ఎవరో బాంబు అని అరిచారు. అందరూ తాము వచ్చిన దారినే, అంటే ముందు వాకిలి వైపే, ఒక్కసారిగా పరుగెత్తారు. వంటశాల పక్కన వెనక తలుపు ఉంది గానీ, సామాన్లు పోతాయని దానికి తాళం వేసి, బియ్యం బస్తాలు అడ్డంగా పేర్చారు. అది రోజూ నా కళ్ల ముందు ఉన్నదే, నేను పట్టించుకోనిదే. తొక్కిసలాటలో ఒక పెద్దావిడకు తుంటి ఎముక విరిగింది. నిజానికి అక్కడ బాంబూ లేదు, కత్తీ లేదు, మూసిన తలుపు ఒక్కటే ఉంది. ఆవిడ మూలుగు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

అందుకే ముందు వాకిట్లో కాపలా మనిషిని పెట్టడానికంటే ముందుగా వెనక దారులు చూసుకోమంటున్నాను. తలుపులన్నీ బయటికి తెరుచుకోవాలి, జనం ఉన్నంతసేపూ వాటికి తాళం ఉండకూడదు, లోపలి నుంచి చిన్నపిల్ల తోసినా తెరుచుకునేలా గొళ్లెం ఉండాలి, కరెంటు పోయినా దారి కనబడేలా బ్యాటరీ దీపం వెలగాలి. దాడి జరిగినా, మంటలు అంటుకున్నా మనిషి బయటపడే దారి అదే. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోవడానికి బయటికి పోయే దారులు మూసుకుపోవడం ఒక ముఖ్య కారణం.

దారి ఉన్నా, అటు పొమ్మని చెప్పే గొంతు ఒకటి కావాలి. 2008 నవంబర్ 26 రాత్రి ముంబై సి.ఎస్.టి. స్టేషన్‌లో కాల్పులు జరుగుతుండగా, అనౌన్సర్ విష్ణు జెండే తన గది వదలకుండా, ఏ వైపు నుంచి బయటపడాలో మైకులో చెబుతూ ఎంతోమందిని కాపాడాడు. నీ మండపంలో మైకు ఎలాగూ ఉంటుంది. మేళం ఆపించి ఆ మైకు అందుకునే బాధ్యత ఎవరిదో, వాళ్లు లేనప్పుడు ఎవరిదో ఇప్పుడే నిర్ణయించు. వాళ్లు చెప్పవలసింది ఎటు పోవాలో తెలిపే రెండు చిన్న వాక్యాలు మాత్రమే, ఆ వాక్యాలను వాళ్ల చేత బిగ్గరగా పలికించు.

వాచ్‌మన్ మొదలుకొని వడ్డించే పిల్లల వరకు అందరికీ ఈ వరుస తెలియాలి: తప్పించుకునే వీలుంటే సామాన్లు వదిలేసి బయటికి పరుగెత్తాలి, వీలులేకపోతే గదిలో దూరి, తలుపు బిగించి, మంచమో బీరువానో అడ్డంపెట్టి, దీపాలార్పి, సెల్‌ఫోన్ల చప్పుడు ఆపాలి, ఆ రెండూ సాధ్యం కాక ప్రాణం మీదికి వచ్చినప్పుడే చేతికందిన వస్తువుతో కలిసికట్టుగా తిరగబడాలి. వధువు గదికి లోపలి గడియ గట్టిగా ఉందో లేదో స్వయంగా చూడు. బయటపడిన వెంటనే 112కు ఫోన్ చేసి, ఊరి పేరుతో పాటు ఏ వాకిలి దగ్గర ఏం జరుగుతున్నదో చెప్పాలి. పోలీసులు లోపలికి వచ్చినప్పుడు ఖాళీ చేతులు కనబడేలా పైకెత్తి ఉంచాలి.

2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టినది సైకిళ్ల మీద. కాబట్టి పార్కింగ్‌ను వాకిలికి ఆనించి పెట్టకు. ఎవరిదో తెలియని సంచి కనబడితే ముట్టుకోవద్దు, జరపవద్దు, నీళ్లు పోయవద్దు. జనాన్ని దూరంగా పంపి పోలీసులను పిలవాలి. ఆ పేలుళ్ల తర్వాత అదే ఏడాది మన రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం, ఒకేసారి 100 మంది గానీ రోజుకు 500 మంది గానీ చేరే చోట సీసీ కెమెరాలు పెట్టి, 30 రోజుల దృశ్యాలు భద్రపరచాలి. కెమెరా జరిగినదాన్ని చూపిస్తుందే గానీ ఆపదు, అందుకే దాని గురించి ఇంతకంటే రాయను.

నెత్తురు కారడం గురించి మాత్రం ఎక్కువగా చెప్పాలి. పెద్ద రక్తనాళం తెగితే అయిదు నిమిషాల్లోపే ప్రాణం పోవచ్చు, 108 బండి అంతలో రాకపోవచ్చు. శుభ్రమైన గుడ్డను గాయంలోకి కుక్కి, రెండు చేతులతో, బరువంతా వేసి, వదలకుండా అదిమి పట్టాలి, ఎత్తి చూడకూడదు. చేయికో కాలికో అయిన గాయం అప్పటికీ ఆగకపోతే, గాయానికి పైన, అంటే గుండె వైపు, రెండు మూడు అంగుళాల దూరంలో, కీలు మీద కాకుండా, వెడల్పైన గుడ్డ చుట్టి కర్రతో మెలితిప్పి బిగించి, బిగించిన సమయం రాసిపెట్టాలి. ఈ గుడ్డలూ కర్రా సర్దిన పెట్టెలు వంటశాలలో ఒకటి, ఆఫీసు గదిలో ఒకటి ఉంచి, ఎక్కడున్నాయో అందరికీ చూపించు.

మొదటి ముహూర్తానికి వారం ముందు నేను వస్తాను. నీ మనుషులందరినీ సాయంత్రం ఒక గంట ఆపితే, దీపాలార్పించి, ఎవరు ఏ తలుపు వైపు నడుస్తారో చూద్దాం. అప్పటికి వెనక తలుపు ముందు ఒక్క బస్తా కూడా లేకుండా తీయించి ఉంచు.

ఇట్లు,
నీ మామయ్య