సమాధానం: రెండు అయస్కాంతాల మధ్య బలం, టార్క్ లెక్క ఎందుకు కుదరడం లేదు

మీ ప్రశ్నలో రెండు సమస్యలున్నాయి: 10 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం ఉన్న ఎన్42 (నియోడిమియం అయస్కాంతాల్లో ఒక గ్రేడ్) బిళ్లలు 2 మి.మీ. ఎడంలో ఉంటే ప్రోగ్రామ్ దాదాపు 41 న్యూటన్లు చూపిస్తోంది, కొలిస్తే అంత రావడం లేదు. పైగా ఒక బిళ్ల వంచితే రెండు టార్క్‌లూ (బిళ్లల్ని తిప్పే ప్రభావాలు) సమానంగా, వ్యతిరేకంగా లేవు.

మొదటిదానికి కారణం మీ ప్రోగ్రామ్ వాడే డైపోల్ సూత్రం. బిళ్లను ఒక్క బిందువుగా చూస్తుంది కాబట్టి, దూరం బిళ్ల సైజుకి ఎన్నో రెట్లుంటేనే అది పనికొస్తుంది. దాన్ని వదిలేసి అయస్కాంత ఆవేశాల పద్ధతి వాడండి. బిళ్ల అక్షం వెంబడి అయస్కాంతీకరణ ఉంటే ఆవేశం రెండు ముఖాల మీదే ఉంటుంది, పక్క గోడ మీద సున్నా. ఆ ఆవేశ సాంద్రత అంటే రెమనెన్స్‌ని (అయస్కాంతంలో నిలిచిపోయే క్షేత్రాన్ని) మ్యూ నాట్‌తో (శూన్యపు అయస్కాంత స్థిరాంకంతో) భాగించడమే. 1.3 టెస్లాకి మీటరుకి సుమారు 10.3 లక్షల ఆంపియర్లు. ముఖాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఆవేశాన్ని అక్కడ ఎదుటి బిళ్ల సృష్టించే క్షేత్రంతో గుణించి కూడండి. ముక్క సైజు ఎడంలో మూడో వంతు మించకూడదు. ముక్కలు రెట్టింపు చేసినా జవాబు కదలకపోతే చాలు.

టార్క్ విషయంలో మీ కోడ్ తప్పేం కాదు! సమానంగా ఉండాల్సింది బలాలే. ప్రతి బిళ్లకీ దాని కేంద్రం చుట్టూ టార్క్ తీసి, ఆ రెండూ కలిపి, మొదటి కేంద్రం నుంచి రెండోదానికి గీసిన వెక్టర్‌కీ రెండో బిళ్ల మీది బలానికీ క్రాస్ ప్రోడక్ట్ (వెక్టర్ లబ్ధం) కలపండి. మొత్తం సున్నా రావాలి.

దగ్గర్లో ఇనుము ఉంటే మాత్రం ఈ పద్ధతి చాలదు, ఫైనైట్ ఎలిమెంట్ (చుట్టూ ఉన్న స్థలాన్నంతా చిన్న ముక్కలు చేసి కంప్యూటర్‌తో క్షేత్రం లెక్కించే పద్ధతి) తప్పదు. అప్పుడూ వంచిన బిళ్లకి 3డీ సాఫ్ట్‌వేరే కావాలి.