మీటింగులు ఆగినా క్లబ్బు ఆగకుండా

ప్రశ్న: మా సేవా క్లబ్బులో 40 మంది సభ్యులం. కొన్ని నెలలుగా అందరం ఒకచోట కలవడం కుదరడం లేదు. ఆన్‌లైన్ మీటింగుకు పదిమంది వస్తే గొప్ప. వాట్సాప్ గ్రూపులో మాత్రం పొద్దున్నే శుభోదయాలు, పువ్వుల బొమ్మలు. మిగతావాళ్లను నిలబెట్టుకోవడం ఎలా?
– ఒక కార్యదర్శి

జవాబు: గ్రూపులో ‘అందరూ తప్పక రావాలి’ అని పెడితే అది తనకే అని ఎవరూ అనుకోరు. పేరు పెట్టి పిలిస్తేనే మనిషి కదులుతాడు. కాబట్టి ముందు ఫోన్లు మొదలుపెట్టండి. ఓపికగా మాట్లాడే 8 మందిని ఎంచుకుని, మిగిలిన 32 మందిని తలా నలుగురు చొప్పున అప్పగించండి. పదిహేను రోజులకోసారి, అయిదు నిమిషాలు చాలు. ఎలా ఉన్నారు, ఏమైనా సాయం కావాలా, ఈ నెల ఏ పనికి ఎంత సమయం ఇవ్వగలరు? ఈ మూడే అడగాలి. చందా ఊసు ఈ ఫోన్లో ఎత్తారో, మరుసటిసారి వాళ్లు ఫోనే ఎత్తరు.

వరుసగా రెండుసార్లు దొరకనివాళ్ల పేర్లు కార్యదర్శికి చేరాలి. అనారోగ్యం, ఉద్యోగం పోవడం లాంటివి వాళ్లు ఒప్పుకుంటే తప్ప గ్రూపులో పెట్టకూడదు. మూడు నెలలకోసారి జాబితాలు మార్చండి. లేదంటే ఒక క్లబ్బులో ఎనిమిది క్లబ్బులు తయారవుతాయి.

ఇక వాట్సాప్. కబుర్లకు పాత గ్రూపునే వదిలేసి, ప్రకటనలకు అడ్మిన్లు మాత్రమే రాయగలిగే గ్రూపు ఇంకొకటి పెట్టండి. ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టును నమ్ముకోవద్దు. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు ఆ సందేశం చేరదు.

జూమ్ ఉచిత ఖాతాలో మీటింగు 40 నిమిషాలకే తెగిపోతుంది. అదీ మంచికే! పలకరింపులకు 5, చేసిన పనులకు 8, తేల్చాల్సిన ఒకే ఒక్క విషయానికి 15, ఎవరు ఏం చేయాలో పంచుకోవడానికి 7 నిమిషాలు పెట్టుకుంటే ఇంకా అయిదు మిగులుతాయి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు ఆ నిర్ణయాలను వాళ్లకు ఫోన్ చేసే సభ్యుడే చదివి వినిపించాలి. వారం వారం కలవాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. రోటరీ సంస్థే 2016లో నిబంధన సడలించి, క్లబ్బులు నెలకు కనీసం రెండుసార్లు, నేరుగానో ఆన్‌లైన్‌లోనో కలిస్తే చాలంది.

ప్రశ్న: అధ్యక్షుడు ఆసుపత్రిలో ఉన్నారు. చెక్కులన్నీ ఆగిపోయాయి. క్లబ్బు ఈమెయిల్ కూడా తెరవలేకపోతున్నాం.

జవాబు: రెండిటికీ మూలం ఒకటే, తాళాలన్నీ ఒకరి దగ్గరే ఉండటం. బ్యాంకు ఖాతాకు ముగ్గురి సంతకాలు ఇచ్చి, ఏ ఇద్దరు చేసినా చెల్లేలా రాయించండి. దానికి బ్యాంకు తీర్మానం అడుగుతుంది. తీర్మానానికి కోరం, అంటే కనీస హాజరు, కావాలి. మీ నియమావళి ఆన్‌లైన్ ఓటును ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి. ఒప్పుకోకపోతే ఆ తీర్మానం చెల్లదని రేపు ఎవరైనా అడ్డం తిరగవచ్చు. కొత్త సంతకం బ్యాంకు రికార్డుల్లోకి ఎక్కాకే పాతది తీయించండి. తిరగేసి చేస్తే మధ్యలో ఖాతా స్తంభించే ప్రమాదం ఉంది.

పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన ఈమెయిల్ తెరుచుకోకపోవచ్చు. ఓటీపీ అధ్యక్షుడి ఫోనుకు పోతుంటే ఏం లాభం? ఆయన ఇంట్లోవాళ్ల సాయంతో ఓటీపీ తీసుకుని లోపలికి వెళ్లగానే, రికవరీ వివరాల్లో ఒకరి నంబరు, ఇంకొకరి ఈమెయిలు చేర్చండి. కొత్త కార్యవర్గం వచ్చిన రోజే వీటిని మార్చడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: చందాలు సగం కూడా రావడం లేదు. సేవా కార్యక్రమాల కోసం దాతలిచ్చిన డబ్బు ఉంది. అద్దెకు వాడుకుని తర్వాత సర్దేయవచ్చా?

జవాబు: వద్దు. దాతల డబ్బు, క్లబ్బు ఖర్చుల డబ్బు వేర్వేరు ఖాతాల్లో ఉండాలి. జనం దగ్గర సేవ కోసం వసూలు చేసింది నిర్వహణకు వాడకూడదని లయన్స్ క్లబ్బులకు నియమమే ఉంది. అద్దె గదిని వదిలేయడమో, అద్దె తగ్గించమని అడగడమో నయం. చందాను మూడు వాయిదాలు చేయండి. అదీ కట్టలేనివాళ్లకు మినహాయింపు ఇవ్వండి, ఆ సంగతి కోశాధికారికీ అధ్యక్షుడికీ తప్ప మూడోవారికి తెలియకూడదు. పెద్ద శిబిరాలు వాయిదా వేసినా, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పూటలో ముగించగల పని నెలకొకటి నడవనివ్వండి. చేతిలో పని లేని సభ్యుడు చందా కట్టడమూ మానేస్తాడు.