నేపాల్ అనాథాశ్రమంలో రెండు వారాలు వాలంటీర్‌గా వెళ్లొచ్చా?

హన్మకొండలో బీటెక్ చదువుతున్నానని, సెలవుల్లో ఏజెన్సీకి ఫీజు కట్టి ఖాట్మండు అనాథాశ్రమంలో రెండు వారాలు పిల్లలకు పాఠాలు చెప్పొచ్చా అని అడిగారు. మీ ఉద్దేశం మంచిదే, కానీ వెళ్లకండి.

నేపాల్ ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. మంచి చదువు చెప్పిస్తామని కొండ జిల్లాల పేదలకు ఆశ చూపి వాళ్ల పిల్లల్ని తీసుకొస్తారు. ములుగు గూడెంలో ఓ తల్లి బిడ్డను హాస్టల్‌కు పంపినంత నమ్మకంతో వాళ్లూ పంపుతారు. బయటివాళ్ల ఫీజులు, విరాళాలు వస్తున్నంతకాలం ఆ మంచాలు ఖాళీగా ఉండనివ్వరు. ఈ తరహా వాలంటీరింగ్ వల్ల జరిగే హానిని అరికట్టాలని 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా దేశాలను కోరింది.

కొత్త మనిషి కనిపించగానే చిన్నపిల్ల ఒళ్లో ఎక్కి కూర్చుంటే మనకు ముచ్చటేస్తుంది. తనతో ఎవరూ నిలకడగా ఉండకపోవడం వల్లే చాలాసార్లు అలా అల్లుకుపోతుంది. మీరు వెళ్లిపోయాక ఇంకొకరు వస్తారు, తర్వాత మరొకరు.

వరంగల్‌లోనే ఏదైనా పిల్లల ఆశ్రమంలో వారానికోసారి, కనీసం ఏడాదిపాటు లెక్కలు చెప్పండి. ఆ సంస్థ 2015 జువైనల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టరైందో లేదో జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కనుక్కోండి. మీ గురించి పోలీస్ వెరిఫికేషన్ అడగని చోటంటే నాకు అనుమానమే. తేడాగా ఏదైనా కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.