రెండు రోజుల కదలిక

ప్రశ్న: మంచి పుస్తకం చదివినా, నాటకం చూసినా రెండు రోజులు మనసు కదిలి, తరువాత మళ్ళీ మామూలే అవుతోంది. అవి జీవిత దృక్పథాన్ని మారుస్తాయనడం అతిశయోక్తి కాదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అన్నీ మారుస్తాయంటే అతిశయోక్తే. అయితే గాంధీజీ ఉదంతం చూడండి. 1904లో దక్షిణాఫ్రికాలో ఉండగా జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు బయలుదేరినప్పుడు మిత్రుడు పోలక్ స్టేషన్‌లో చేతికిచ్చిన ఆంగ్ల రచయిత రస్కిన్ పుస్తకం ‘అన్‌టు దిస్ లాస్ట్’ను చదవడం మొదలుపెట్టాక కింద పెట్టలేకపోయాననీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదనీ ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ పుస్తకం నేర్పిన వాటిలో, వకీలు పనికీ మంగలి పనికీ విలువ ఒక్కటేనన్న సంగతి తనకు అంతకుముందే మసకగా తోచిందట. శ్రమజీవనమే జీవించదగినదన్నది మాత్రం ఎన్నడూ తట్టలేదట. తన లోపల పాతుకొని ఉన్న నమ్మకాలే ఆ పుటల్లో కనిపించాయని కూడా ఆయనే చెప్పారు. (చిన్నతనంలో చూసిన హరిశ్చంద్ర నాటకం ఆయనను ఎంతగా వెంటాడిందో గుర్తుంచుకుంటే ఇది వింతేమీ కాదు.) అసలు విశేషం ఆ తరువాతిది: తన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో పనిచేసేవారికి రంగు, దేశం అన్న భేదం లేకుండా నెలకు 3 పౌండ్లు ఇవ్వాలని వెంటనే ప్రతిపాదించి, ఆ ఏడాదే డర్బన్ సమీపంలో ఫీనిక్స్ ఆశ్రమాన్ని నెలకొల్పారు. మీరు కూడా మిమ్మల్ని కదిలించిన మాట ఏదో గుర్తించి, దానికి సంబంధించిన ఒక్క చిన్న పనినైనా ఆ వారంలోనే మొదలుపెట్టి చూడండి.