వియ్యపురాలి ముందు స్ట్రుఫోలి

ప్రశ్న: మేము రోమ్‌లో ఉంటాం. కోడలిది నేపుల్స్. ఈ క్రిస్మస్‌కు వియ్యాలవారు మా ఇంటికి వస్తున్నారు. పోయిన ఏడాది వాళ్ల ఊరి క్రిస్మస్ మిఠాయి స్ట్రుఫోలి (నూనెలో వేయించి తేనెలో కలిపే చిట్టి పిండి ఉండలు) చేయబోతే నూనె పొంగి పొయ్యి మీద పడింది, ఉండలు గోళీల్లా గట్టిపడ్డాయి, తేనె అంతా పళ్లెం అడుక్కి దిగిపోయింది. కోడలు ఏమీ అనలేదు, మాట్లాడకుండా తినేసింది. తప్పు ఎక్కడ జరిగిందంటారు?

జవాబు: మీ కోడలు మంచి పిల్ల. నేను మొదటిసారి చేసినవి మా అత్తగారు ఒకటి నోట్లో వేసుకుని, పళ్ల డాక్టరు ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడిగారు. ఆ తర్వాత 22 డిసెంబర్లు ఆవిడ వంటింట్లోనే నేర్చుకున్నాను.

మీరు చెప్పిన మూడింటిలో రెండింటికి నాకు పొడిపిండి మీదే అనుమానం. 400 గ్రాముల పిండికి 3 గుడ్లు, 60 గ్రాముల వెన్న, 40 గ్రాముల చక్కెర, ఒక నిమ్మకాయ పైతొక్కు తురుము, ఒక నారింజ పైతొక్కు తురుము, చెంచాడు సోంపు మద్యం, చిటికెడు ఉప్పు. పిండి ‘00’ రకం, అంటే మైదాలా మెత్తని గోధుమపిండి తీసుకోండి. కలిపినప్పుడు ముద్ద చేతికి అంటుకుంటుంది. అప్పుడే మనకు కంగారు పుట్టి ఇంకో గుప్పెడు పిండి చల్లుతాం. చల్లకండి. బట్ట కప్పి అరగంట వదిలేస్తే పిండి గుడ్డు తడిని పీల్చుకుని, జిగురు దానంతటదే తగ్గుతుంది.

తర్వాత చిటికెన వేలికన్నా సన్నగా తాళ్లలా చేసి, శనగగింజంత ముక్కలు కోయండి. విసుగు పని, నిజమే. అందుకే మా ఇంట్లో బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెడతాం, కబుర్లలో చేతి పని తెలియదు. పెద్దవి కోస్తే పని త్వరగా అవుతుంది గాని లోపలంతా పిండే, తేనె పైపైనే. కోసిన ముక్కలను జల్లెడలో వేసి గట్టిగా ఆడించండి. కింద రాలిన పొడి చూడండి. పోయిన ఏడాది అదంతా మీ నూనెలోకే వెళ్లి ఉంటుంది! అదే నురగను పెంచుతుంది, అదే అడుగున మాడి చేదెక్కుతుంది.

లోతైన గిన్నెలో సగానికి మించకుండా పల్లీ నూనె పోయండి. గుడ్డు ఉన్న పిండి కాబట్టి కొంత నురగ ఎలాగూ వస్తుంది, దానికి చోటుండాలి. వేడి 170 డిగ్రీలు. ఒక్కో వాయకు ఒక గుప్పెడు చాలు. లేత బంగారు రంగు రాగానే తీసేయండి, బయటికి వచ్చాక కూడా రంగు ముదురుతుంది.

ఇక తేనె సంగతి. ఉండలు, తేనె రెండూ వేడిగా ఉంటే తేనె జారిపోక ఏం చేస్తుంది? ఉండలు పూర్తిగా చల్లారనివ్వండి. 300 గ్రాముల తేనెను సన్నని సెగ మీద పలచబడేదాకా మాత్రమే వేడిచేయండి. మరిగిస్తే చల్లారాక గట్టిపడుతుంది. దించి, గోరువెచ్చగా అయ్యాక ఉండలు, చక్కెరలో ఊరిన నారింజ తొక్క ముక్కలు వేసి, తేనె చిక్కబడేదాకా అప్పుడప్పుడూ కలుపుతూ ఉండండి. ఆ తర్వాతే పళ్లెంలోకి. మధ్యలో ఒక గాజు సీసా నిలబెట్టి, తడిచేత్తో చుట్టూ పేర్చి, బిగిశాక సీసా తీసేస్తే చక్కని వలయం. పైన రంగురంగుల చక్కెర పలుకులు చల్లండి. నేపుల్స్‌లో వాటిని ‘దియావులిల్లి’ అంటారు, అంటే చిట్టి దయ్యాలు.

23న చేసేయండి. మర్నాటికి తేనె లోపలికి దిగి రుచి పెరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి.

ఒక్క జాగ్రత్త. దాదాపు ఇదే వంటను మధ్య ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతంలో కార్నివాల్‌కు (ఈస్టర్ ముందటి ఉపవాసాలు మొదలయ్యేలోపు చేసుకునే పండుగకు) చేసి ‘చిచెర్కియాతా’ అంటారు. సిసిలీలో ‘పిన్యొలాతా’ ఉంది. ఈ విషయం వియ్యపురాలి ముందు ఎత్తకండి, భోజనం చల్లారిపోతుంది.

ప్రశ్న (మరో పాఠకురాలు): స్ట్రుఫోలిని వేయించకుండా ఓవెన్‌లో కాల్చవచ్చా?

జవాబు: కాల్చవచ్చు. చాలామంది కాలుస్తారు, తినడానికి బాగానే ఉంటాయి. నేనూ ఒకసారి కాల్చాను. మా అత్తగారు బిస్కెట్లు బాగున్నాయన్నారు.